పుకాపుకా నుంచి గోదావరి దాకా: బయటపడని బీపీ

రక్తపోటు ఎక్కువగా ఉన్న మనిషికి ఏళ్ళ తరబడి ఏ బాధా ఉండకపోవచ్చు. తిండి సయిస్తుంది, నిద్ర పడుతుంది, పని సాగుతుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, మెడ పట్టేయడం బీపీకి గుర్తులని జనంలో గట్టి నమ్మకం. కానీ బీపీ బాగా పెరిగినవాళ్ళలో చాలామందికి అవేవీ ఉండవు. అవి ఉన్నవాళ్ళలో చాలామందికి బీపీ మామూలుగానే ఉంటుంది. ఈ నమ్మకం వల్ల జరిగే నష్టం ఒకటే: తల నొప్పడం లేదు కాబట్టి బీపీ లేదని మనిషి తనకు తానే సర్టిఫికెట్ ఇచ్చేసుకుంటాడు. ఈలోగా రక్తనాళాల గోడలు గట్టిపడుతుంటాయి, గుండె కండరం మందమవుతుంటుంది, కిడ్నీల్లోని సన్నని వడపోత గొట్టాలు దెబ్బతింటుంటాయి. చాలా ఇళ్ళలో మొదటి కబురు పక్షవాతం రూపంలోనో గుండెపోటు రూపంలోనో వస్తుంది.

డాక్టర్లు చెప్పే రెండు అంకెల్లో పైది గుండె ముడుచుకున్నప్పుడు రక్తనాళాల్లో ఉండే ఒత్తిడి, కిందది గుండె సడలినప్పుడు ఉండేది. వేర్వేరు రోజుల్లో కొలిచినా పైది 140 గానీ, కిందది 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే దాన్ని అధిక రక్తపోటు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క ప్రకారం 30 నుంచి 79 ఏళ్ళ మధ్య వయసువాళ్ళలో 128 కోట్ల మందికి ఇది ఉంది. వారిలో మూడింట రెండొంతుల మంది పేద, మధ్యాదాయ దేశాల్లో ఉన్నారు. మొత్తం మీద 46 శాతం మందికి తమకు బీపీ ఉన్న సంగతే తెలియదు. 2024 నాటికి సంఖ్య 140 కోట్లకు చేరిందని అదే సంస్థ తరువాత చెప్పింది. వారిలో బీపీ అదుపులో ఉన్నది ఐదుగురిలో ఒకరికి, మహా అయితే ఇంకాస్త ఎక్కువ మందికి.

వైద్య పాఠ్యపుస్తకాల్లో దీనికి పాత సూత్రం ఒకటుంది. బీపీ ఉన్నవారిలో సగం మందికే ఆ సంగతి తెలుస్తుంది, తెలిసినవారిలో సగం మందే మందు వాడతారు, వాడినవారిలో సగం మందికే అదుపులోకి వస్తుంది. అంటే ఎనిమిది మందిలో ఒక్కరు. ఇది 1970ల నాటి అమెరికా అనుభవం నుంచి పుట్టిన మాట. డబ్బున్న దేశం ఒకప్పుడు అలా ఉండేది. ఇప్పుడు కోస్టారికా, కజకిస్తాన్, ఇరాన్, టర్కీ వంటి దేశాలు బీపీ రోగుల్ని కనిపెట్టి మందు అందించడంలో ఎంతో ముందుకు వచ్చాయి. కాబట్టి దీన్ని పేదరికం మీదికి నెట్టేసి ఊరుకోవడం కుదరదు. ఒక దేశం తన మనుషుల్ని పిలిచి కొలుస్తోందా లేదా అన్నదే అసలు సంగతి. ఆ పని ఎలా మొదలైందో, ఎక్కడ తడబడిందో చూడడానికి న్యూజిలాండ్ మంచి చోటు. అది ధనిక దేశమే అయినా చుట్టూ ఉన్నవి చిన్న, బీద దీవులు. ఆ దీవుల జనమే వచ్చి ఆక్లాండ్‌లో, వెల్లింగ్టన్‌లో స్థిరపడ్డారు. ఇటీవలి దశాబ్దాల్లో తెలుగువాళ్ళూ అక్కడికి చేరారు.

వయసు పెరిగితే బీపీ పెరగడం సహజమని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఆ ఊహను గట్టిగా ప్రశ్నించినవారిలో వెల్లింగ్టన్ వైద్యుడు ఇయాన్ ప్రయర్ ఒకరు. 1960లలో ఆయన బృందం కుక్ దీవుల్లో రెండు చోట్ల మనుషుల్ని కొలిచింది. ఒకటి పుకాపుకా, ఓడలు అరుదుగా వచ్చే పగడపు దీవి. కొబ్బరి, చేప, చేమదుంప అక్కడి తిండి. రెండోది రారోటోంగా. అక్కడ జీతం ఉద్యోగాలున్నాయి, దుకాణాలున్నాయి, డబ్బాల్లో వచ్చే మాంసం ఉంది. రెండు చోట్ల ఉన్నవాళ్ళూ పాలినేసియన్లే, ఒకరికొకరు దగ్గరి చుట్టాలు. మూత్రంలో సోడియం కొలిచి చూస్తే పుకాపుకాలో మనిషి రోజుకు తినే ఉప్పు సుమారు మూడు, నాలుగు గ్రాములు. రారోటోంగాలో ఏడెనిమిది గ్రాములు. వయసుతోపాటు బీపీ పెరగడం రారోటోంగాలో స్పష్టంగా కనిపించింది, పుకాపుకాలో ఆ పెరుగుదల చాలా తక్కువ. ఈ ఫలితాలు 1968లో అమెరికా వైద్య పత్రికలో అచ్చయ్యాయి. ఉప్పే ఏకైక కారణమని అవి రుజువు చేయలేదు. రారోటోంగా వాళ్ళ బరువు కూడా ఎక్కువే. కానీ బీపీ వయసుతో వచ్చే నెరిసిన జుట్టులాంటిది కాదని మాత్రం తేలింది.

ప్రయర్ బృందం తరువాత చేసిన పని ఇంకా ఆసక్తికరం. న్యూజిలాండ్ ఏలుబడిలో టోకెలావ్ అనే మూడు పగడపు దీవులున్నాయి: అటాఫు, నుకునోను, ఫకావోఫో. అప్పటి జనాభా రెండు వేలకు కాస్త తక్కువ. 1966లో తుపాను దెబ్బ తగిలాక ప్రభుత్వం అక్కడి కుటుంబాలను న్యూజిలాండ్‌కు తరలించే పథకం పెట్టింది. సగం మంది వెళ్తారు, సగం మంది ఉండిపోతారు. వలస మనిషి ఒంటికి ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదని ప్రయర్ గ్రహించాడు. వెళ్ళేవాళ్ళను వెళ్ళకముందే పరీక్షించారు, ఉండిపోయినవాళ్ళనూ పరీక్షించారు, ఏళ్ళ తరబడి ఇద్దరినీ మళ్ళీ మళ్ళీ కొలిచారు. న్యూజిలాండ్ చేరినవాళ్ళ బరువూ రక్తపోటూ దీవిలో ఉండిపోయినవాళ్ళకంటే ఎక్కువగా పెరిగాయి. ఆ పరిశోధనలో పాలుపంచుకున్న రాబర్ట్ బీగిల్‌హోల్ 1977లో మరో సంగతి చూపించాడు. వలసవాళ్ళలోనూ కొత్త సమాజంతో ఎక్కువగా కలిసిపోయినవారి బీపీ, తమవాళ్ళ మధ్యనే ఉండిపోయినవారి బీపీకంటే ఎక్కువ. బీగిల్‌హోల్ తరువాతి కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థలో దీర్ఘకాలిక వ్యాధుల విభాగానికి డైరెక్టరయ్యాడు. పేద దేశాల్లో బీపీ, షుగరు పట్టించుకోవలసిన జబ్బులేనని ఆ సంస్థ గట్టిగా చెప్పడం మొదలుపెట్టిన కాలమది.

మందు సంగతికి వస్తే, 1940ల దాకా బీపీకి సరైన మందే లేదు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. ఆ రోజు ఆయన బీపీ 300/190గా నమోదైంది. దేశాధ్యక్షుడికే డాక్టర్లు చేయగలిగిందేమీ లేకపోయింది. ఆ కాలంలో న్యూజిలాండ్ దక్షిణ కొసనున్న డునెడిన్ పట్టణంలో, ఒటాగో విశ్వవిద్యాలయంలో హొరేస్ స్మర్క్ వైద్య శాస్త్ర ఆచార్యుడు. ఇంగ్లండ్‌లో పుట్టి, కైరోలో పనిచేసి 1940లో అక్కడికి వచ్చాడు. హెక్సామిథోనియం అనే మందును తీవ్రమైన బీపీ ఉన్న రోగులకు ఇచ్చి ప్రాణాలు కాపాడవచ్చని ప్రపంచంలో మొదట చూపించినవాళ్ళలో ఆయన ఒకడు. ఆ ఫలితాలు 1951లో వెలువడ్డాయి. రోగి రోజూ తనకు తానే చర్మం కింద సూది వేసుకోవాలి. లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మేవి, నోరెండిపోయేది, మలబద్ధకం పీడించేది. అయినా ఏడాది రెండేళ్ళలో పోతారనుకున్న మనుషులు బతికారు. ఆయన ప్రయోగశాలలో పుట్టుకతోనే బీపీ వచ్చే ఎలుకల వంశాన్ని పెంచారు, ఆ జాతి దేశదేశాల పరిశోధనశాలలకు చేరింది.

స్మర్క్ చేసిన మరో పనికి అంత పేరు రాలేదు గానీ, బయటపడని బీపీ విషయంలో అదే ముఖ్యం. డాక్టరు గదిలో హఠాత్తుగా కొలిచిన బీపీ వేరు, రాత్రంతా విశ్రాంతిగా పడుకున్న మనిషికి పొద్దున్నే మంచం మీదే పదేపదే కొలిస్తే వచ్చే బీపీ వేరు అని ఆయన 1944లోనే రాశాడు. తెల్ల కోటును చూడగానే కొందరికి బీపీ పెరుగుతుంది. వాళ్ళకు అనవసరంగా మందు రాసే ప్రమాదం ఉంది. దానికి తలకిందులుగా, ఆసుపత్రిలో మామూలుగా ఉండి ఇంట్లోనో పనిచోటనో పెరిగే బీపీ కూడా ఉంది. ఇది కొలిచినా దొరకదు కాబట్టి మరీ ప్రమాదకరం. అందుకే ఇప్పుడు ఇంట్లో కొలుచుకోవడానికీ, ఒక రోజంతా చేతికి పట్టీ కట్టి ఉంచే యంత్రానికీ ఇంత ప్రాధాన్యం వచ్చింది. ఇంట్లో కొలిస్తే హద్దు కాస్త తక్కువ: 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క.

కొలిచే పద్ధతి తప్పితే అంకె తప్పుతుంది. ఆక్లాండ్‌లో ఏ క్లినిక్‌లోనైనా నర్సు చేసే వరస చూస్తే ఇది తెలుస్తుంది. మనిషిని వీపు ఆనించి కుర్చీలో కూర్చోబెడుతుంది, పాదాలు రెండూ నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వేయకూడదు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోమంటుంది. మోచేయి బల్ల మీద, గుండె ఎత్తున ఉండాలి. చొక్కా చేతి మీద పట్టీ చుట్టదు, దాన్ని పైకి మడిచి చర్మం మీదే చుడుతుంది. లావు చేతికి పెద్ద పట్టీ తీస్తుంది, ఎందుకంటే చిన్న పట్టీ బిగిస్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. యంత్రం గాలి పడుతున్నంతసేపూ మాట్లాడనివ్వదు. ఒకసారి కొలిచి, ఒకటి రెండు నిమిషాలాగి మళ్ళీ కొలుస్తుంది. మొదటిసారి వస్తే రెండు చేతులకూ చూస్తుంది. మన వైపు సందడిగా ఉండే ఆసుపత్రుల్లో రోగి లోపలికి అడుగు పెట్టగానే, ఆయాసం తీరకముందే, నిలబెట్టో బల్ల అంచున కూర్చోబెట్టో, పూర్తి చేతుల చొక్కా మీదే పట్టీ బిగించి, మందుల గురించి అడుగుతూ కొలవడం కొత్తేమీ కాదు. అలా వచ్చిన అంకెను చీటీ మీద రాసేస్తే ఆ చీటీకి విలువేముంది?

న్యూజిలాండ్ చేసిన అసలైన ఆలోచన 1990ల నాటిది. అప్పటిదాకా ప్రపంచమంతా బీపీ అంకె ఒక్కదాన్నే చూసి మందు రాసేది. ఆక్లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాడ్ జాక్సన్, ఆయన సహచరులు 1993లో వేరే మార్గం సూచించారు. 150 బీపీ ఉన్న ఇద్దరు మనుషులకు ప్రమాదం ఒకటే కాదు. ఒకరు ముప్ఫై ఐదేళ్ళ ఆడమనిషి, సిగరెట్ అలవాటు లేదు, షుగరు లేదు. మరొకరు అరవై ఏళ్ళ మగమనిషి, సిగరెట్ తాగుతాడు, షుగరుంది, కొలెస్ట్రాల్ పెరిగింది. రాబోయే కొన్నేళ్ళలో గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం ఎంత శాతమో లెక్కగట్టి, ఆ శాతాన్ని బట్టి మందు ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చాలన్నది వాళ్ళ వాదన. ఒక దేశం ఇలా మొత్తం ప్రమాదం ఆధారంగా బీపీ వైద్యానికి మార్గదర్శకాలు రాయడం అదే మొదలు. తరువాత ఎన్నో దేశాలు ఆ దారి పట్టాయి.

మొదట్లో ఆ లెక్కకు అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊరి జనం మీద తయారైన సూత్రాలే ఆధారం. ఎక్కడో మసాచుసెట్స్‌లో ఉన్న తెల్లవాళ్ళ ఊరి లెక్క మూలవాసులైన మావోరీలకూ సమోవన్లకూ భారతీయులకూ ఎంతవరకు సరిపోతుంది? అందుకని 2002 నుంచి న్యూజిలాండ్ క్లినిక్కుల్లో జరిగే పరీక్షల వివరాలనే పోగుచేస్తూ వచ్చారు. ఆ పరిశోధన పేరు ప్రిడిక్ట్. 30 నుంచి 74 ఏళ్ళ మధ్య ఉన్న 4 లక్షల మందికి పైగా జనం వివరాలతో కొత్త సూత్రాలు తయారై 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. వాటిలో మనిషి ఏ జాతివాడో, బీద పేటలో ఉంటాడా కలిగిన పేటలో ఉంటాడా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. పాత సూత్రాలు నేటి జనానికి ప్రమాదాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తున్నాయనీ, అదే సమయంలో మావోరీ, పసిఫిక్, భారతీయ మూలాలవారికి మిగతావారికంటే ప్రమాదం ఎక్కువేననీ తేలింది.

అదే ఏడాది ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలు ఈ ప్రమాదం లెక్కగట్టే పరీక్షకు పిలిచే వయసును మార్చాయి. ఏ ఇబ్బందీ లేని మామూలు మనిషికి ఈ పరీక్ష మగవాళ్ళయితే 45 ఏళ్ళకు, ఆడవాళ్ళయితే 55 ఏళ్ళకు మొదలవుతుంది. మావోరీ, పసిఫిక్, దక్షిణాసియా మూలాలవారికి మాత్రం మగవాళ్ళకు 30, ఆడవాళ్ళకు 40 నుంచే. అంటే ఆక్లాండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే 32 ఏళ్ళ తెలుగు కుర్రాడికి బీపీ, కొలెస్ట్రాల్, షుగరు చూడాలని అక్కడి మార్గదర్శకం చెబుతోంది. పక్క కుర్చీలో కూర్చునే అదే వయసు తెల్ల సహోద్యోగికి ఇంకా పదమూడేళ్ళ వ్యవధి ఉంది. ఇది వివక్షలా అనిపించవచ్చు. కానీ దక్షిణాసియావాళ్ళకు గుండెపోటు మిగతావారికంటే కొన్నేళ్ళు ముందే వస్తుందన్నది ఎన్నో దేశాల్లో తేలిన సంగతి. అందరికీ ఒకే వయసు పెడితే ముందుగా పోయేవాళ్ళు ముందుగానే పోతారు.

మందు విషయంలోనూ మెట్లున్నాయి. 160/100 దాటితే ప్రమాదం శాతం ఎంతైనా మందు ఇస్తారు. ఐదేళ్ళ ప్రమాదం 15 శాతం దాటినవారికి 130/80 దాటితే చాలు, మందు సూచిస్తారు. 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నవారికి 140/90 దగ్గర డాక్టరూ రోగీ కూర్చుని లాభనష్టాలు మాట్లాడుకోవాలి. ఈ మాట్లాడుకోవడమన్నది కాగితం మీద చాలా బాగుంటుంది, పదిహేను నిమిషాల అపాయింట్‌మెంట్‌లో ఎంత జరుగుతుందన్నది వేరే సంగతి. అర్హులైనవారిలో 90 శాతం మందికి ఐదేళ్ళలో ఒకసారైనా ఈ పరీక్ష జరగాలని గత దశాబ్దం మొదట్లో ప్రభుత్వం లక్ష్యం పెట్టింది. నర్సులు ఫోన్లు చేశారు, ఉత్తరాలు వేశారు. స్ట్రోక్ ఫౌండేషన్ ఏటా ఒక శనివారం సూపర్‌మార్కెట్ల ముందు, బజార్లలో బల్లలు వేసి దారిన పోయేవాళ్ళకు ఉచితంగా బీపీ చూసే కార్యక్రమం నడుపుతూ వచ్చింది. పాలూ బ్రెడ్డూ కొనడానికి వచ్చి, బీపీ ఉందని తెలుసుకుని వెళ్ళేవాళ్ళు అలాంటి చోట దొరుకుతారు. క్లినిక్‌కు రానివాడిని క్లినిక్‌లో వెతికితే ఎలా దొరుకుతాడు?

న్యూజిలాండ్‌లో భారతీయ మూలాలవారు 2023 జనగణన ప్రకారం సుమారు 2 లక్షల 92 వేల మంది. వాళ్ళలో తెలుగువాళ్ళు రెండు దారుల్లో వచ్చారు. మొదటి దారి ఫిజీ మీదుగా. 1903 తరువాత మద్రాసు రేవు నుంచి గిర్మిట్ ఒప్పందం మీద చెరుకు తోటలకు వెళ్ళిన కూలీల్లో విశాఖ జిల్లావాళ్ళూ ఉన్నారు. 1987లో ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగాక వారి మనవలూ మునిమనవలూ చాలామంది ఆక్లాండ్ చేరారు. రెండో దారి నేరుగా హైదరాబాదు, విజయవాడల నుంచి, చదువు కోసం, ఉద్యోగం కోసం. టోకెలావ్ వాళ్ళలో ప్రయర్ చూసినదానికి వీళ్ళ జీవితం దూరమేమీ కాదు. నడక తగ్గి కారు వస్తుంది, రాత్రి డ్యూటీలుంటాయి, బరువు పెరుగుతుంది. తిండిలో ఉప్పు మాత్రం తగ్గదు. ఆక్లాండ్‌లో శాండ్రింగ్‌హామ్ రోడ్డులోని భారతీయ దుకాణాల్లో ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, ఊరమిరపకాయలు అన్నీ దొరుకుతాయి. వాటికి తోడు అక్కడి బ్రెడ్డు, చీజు, చిప్స్ ప్యాకెట్లలోని ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, దాటవద్దంటుంది. పెరుగన్నంలో నంజుకునే పచ్చడి దగ్గరే అందులో మంచి వాటా అయిపోతుంది.

వీళ్ళలో బయటపడకుండా ఉండే బీపీకి రెండు చోట్లున్నాయి. ఒకటి, ముప్ఫైలలో ఉన్న కుర్రవాళ్ళు. జ్వరమొస్తే పారాసెటమాల్ వేసుకుని సరిపెట్టుకుంటారు, డాక్టరు ఫీజుకు వెనకాడతారు, క్లినిక్‌లో పేరు నమోదు చేసుకోవడమే వాయిదా వేస్తారు. పేరు లేనివాడికి నర్సు ఫోను చేయదు. రెండు, పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండడానికి వచ్చే తల్లిదండ్రులు. పర్యాటక వీసా మీద వచ్చినవారికి ప్రభుత్వ ఖర్చుతో మామూలు వైద్యం అందదు. ప్రిస్క్రిప్షన్ మందులు మూడు నెలలకు సరిపడా మాత్రమే వెంట తెచ్చుకోవచ్చు, డాక్టరు చీటీ ఉండాలి, అసలు ప్యాకింగులోనే ఉండాలి. నాలుగో నెలలో మాత్రలు అయిపోతే, "నాకిప్పుడు బాగానే ఉంది, ఊరెళ్ళాక వేసుకుంటాలే నాన్నా" అని అమ్మ అంటుంది. ఆ వయసులో, చలి పెరిగే జూన్, జూలై నెలల్లో అది మంచి నిర్ణయం కాదు. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ కొంత పెరుగుతుంది కూడా. ముందే అక్కడి ఫ్యామిలీ డాక్టరుకు డబ్బు కట్టి చూపించుకుని, కాండెసార్టానో లోసార్టానో ఆమ్లోడిపినో రాయించుకోవడం తేలికైన మార్గం.

అసలు ఈ తల్లిదండ్రులు వచ్చిన చోట పరిస్థితి ఏమిటి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్ళు దాటినవారికి ఇళ్ళకు వెళ్ళి బీపీ కొలిచారు. దేశం మొత్తం మీద మగవాళ్ళలో 24 శాతానికి, ఆడవాళ్ళలో 21 శాతానికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా మందు వాడుతున్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు రెండూ ఆ సగటును మించాయి: ఆడవాళ్ళలో సుమారు నాలుగో వంతు, మగవాళ్ళలో పదిమందికి ముగ్గురు. ఇది పట్నం జబ్బు అనే మాటను గోదావరి జిల్లాలు ఎప్పుడో తోసిపుచ్చాయి. 2003–04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఒక ఏడాది జరిగిన మరణాలన్నిటికీ కారణాలు వెతికారు. సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్, బైర్రాజు ఫౌండేషన్ కలిసి చేసిన పని అది. పల్లెల్లో చావుకు డాక్టరు సర్టిఫికెట్ ఉండదు కాబట్టి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, పోయినవారికి చివరి రోజుల్లో ఏమైందో అడిగారు. ఎక్కడ నొప్పి అన్నాడు, చేయి ఎప్పుడు పడిపోయింది, మాట ఎప్పుడు పోయింది? ఆ జవాబుల్ని డాక్టర్లు చదివి కారణం తేల్చారు. 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవి. అంటురోగాల వాటా అందులో సగం కూడా లేదు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన స్టీఫెన్ మక్‌మహన్, రాబిన్ నార్టన్ ఇద్దరూ అంతకుముందు ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసినవారే.

కనిపెట్టడం ఒక్కటే చాలదని కూడా గోదావరే చూపించింది. తరువాతి కాలంలో పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలకు ట్యాబులిచ్చారు. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళి బీపీ కొలిచి, ప్రమాదం ఎక్కువున్నవారిని డాక్టరు దగ్గరికి పంపారు. పరీక్ష చేసిన తీరులో లోటేమీ లేదు, ఆశాలు పని బాగా నేర్చుకున్నారు. కానీ 2019లో ఫలితాలు వచ్చేసరికి బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పిహెచ్‌సీలో డాక్టరు ఉండి, మందు ఉండి, నెల నెలా అదే మందు దొరికితేనే కొలత పనికొస్తుంది. 2017లో అయిదు రాష్ట్రాల్లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్ ఈ లోటు మీదే గురి పెట్టింది. ఆ అయిదింటిలో తెలంగాణ ఒకటి. ఒక్కో డాక్టరు ఒక్కో రకం రాయకుండా రాష్ట్రానికంతా ఒకే వరస మందులు, ఒకేసారి నెలకు సరిపడా మాత్రలు, వాయిదా తప్పినవారికి ఫోను, ఊళ్ళోనే నర్సు దగ్గర బీపీ చూపించుకునే వీలు. కొత్త మందు ఒక్కటీ లేదు, అన్నీ పాతవే. ఈ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది.

మందు మధ్యలో ఆపేయడమన్నది ఆక్లాండ్‌లో ఎంతో ఏలూరులోనూ అంతే. "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలట" అన్న భయం కొందరిది, బీపీ 130కి వచ్చింది కాబట్టి తగ్గిపోయిందనే లెక్క ఇంకొందరిది. ఆ 130 మాత్ర వల్ల వచ్చింది, మానితే కొద్ది రోజుల్లో మళ్ళీ ఎక్కుతుంది. గుండె జబ్బు ప్రమాదం బాగా ఉన్నవాళ్ళు రోజుకు నాలుగు రకాల మాత్రలు మింగాలి. నాలుగు డబ్బాల్లో ఒకటి అయిపోయినా, మర్చిపోయినా వైద్యం కుంటుపడుతుంది. ఈ నాలుగింటినీ ఒకే మాత్రలో కలిపితే ఎలా ఉంటుందన్న ఆలోచనను ఎక్కువగా ముందుకు తెచ్చినవారిలో ఆక్లాండ్‌కు చెందిన ఆంథొనీ రాడ్జర్స్ ఉన్నాడు. ఆ మాత్రను తయారుచేసింది హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ లాబొరేటరీస్. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్, బీపీకి లిసినోప్రిల్, దానికి తోడు అటెనొలాల్ గానీ మూత్రం జారీచేసే మాత్ర గానీ, అన్నీ కలిపి ఒకే మాత్ర. ఎర్ర గుండె మాత్ర అని దానికి పేరు.

హైదరాబాదు నుంచి ఆ మాత్రలు ఆక్లాండ్, వైకాటో ప్రాంతాల క్లినిక్కులకు చేరాయి. 513 మంది రోగుల్లో సగానికి ఆ ఒక్క మాత్ర, మిగతా సగానికి మామూలుగా విడివిడి మాత్రలు. ఆ 513 మందిలో సగం మంది మావోరీలే ఉండేలా ఏర్పాటు చేశారు, ఎందుకంటే గుండె జబ్బుతో తొందరగా పోయేది ఎక్కువగా వాళ్ళే. వనెస్సా సెలాక్ బృందం 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన ఫలితం ఇది: ఏడాది తరువాత ఒకే మాత్ర వాడినవారిలో 81 శాతం మంది రాసిన మందులన్నీ వాడుతున్నారు, విడిగా వాడినవారిలో 46 శాతమే. అయితే రెండు బృందాల బీపీలో నిలబడే తేడా మాత్రం రాలేదు. ఒకే మాత్ర మంత్రదండమని ప్రచారం చేసేవాళ్ళు సాధారణంగా ఈ రెండో వాక్యం చెప్పరు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి మిశ్రమ మాత్రల్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. రెండు బీపీ మందులు కలిసిన మాత్రలు అంతకుముందే, 2019లో ఆ జాబితాలోకి వచ్చాయి.

ఆ 513 మందినీ అప్పటికే డాక్టర్లు ఎరుగుదురు. వారి బీపీ, కొలెస్ట్రాల్ కంప్యూటర్‌లో నమోదై ఉన్నాయి, ప్రమాదం శాతం లెక్కగట్టి ఉంది. ఇంకా క్లినిక్‌లో పేరు రాయించుకోని కుర్రాడూ, సెలవులకు వచ్చిన తల్లీ, పిహెచ్‌సీకి రాని గోదావరి రైతూ ఆ పరిశోధనలో లేరు. వాళ్ళ బీపీ ఎంతో ఏ కంప్యూటర్‌లోనూ లేదు.